నాలుగు చెంబుల మంచినీళ్ళు

పాత చేపల తొట్టి కుడిమూల కింద పెట్టిన గుడ్డ శుక్రవారం పొద్దునకి మళ్ళీ తడిసి ముద్దయింది. ఆమె దాన్ని పిండి దండెం మీద వేసి, ఇంకో పాతగుడ్డని నాలుగు మడతలు పెట్టి అక్కడే దూర్చింది. నెలన్నరగా ఇదే వరస. పంతొమ్మిదేళ్ళు ఉప్పునీళ్ళు మోసిన గాజుపెట్టె, పాపం, అతుకు దగ్గర చెమర్చడం మొదలుపెట్టింది. ఏదో ఒక రోజున ఆ అతుకు ఊడిందంటే హాలంతా సముద్రమే.

అందుకే అవతలి గోడకి కొత్త తొట్టి వచ్చి కూర్చుంది. ఆరడుగుల పొడవు, దళసరి గాజు. దాని పక్కన పాతది మరీ చిన్నబోయింది. ఆయన కొత్త తొట్టి అంచు మీద రసమట్టం పెట్టి, ఒక కన్ను మూసి, బుడగ నడిమికి వచ్చిందో లేదో చూస్తున్నాడు. ఇది నాలుగోసారి.

"మట్టంగానే ఉంది సార్," అన్నాడు మేస్త్రీ. ఇళ్ళల్లో చేపల తొట్లు బిగించడం అతని పని.

"ఉంటే మంచిదే. ఉందో లేదో చూడాలి కదా."

చూడటమే ఆయన ఉద్యోగం మరి. ముప్పై ఏళ్ళు కొట్టుకొట్టుకీ తిరిగి తక్కెళ్ళూ తూకపురాళ్ళూ పరీక్షించి, సరైనవాటికి ముద్ర కొట్టి, తప్పువాటిని సంచిలో వేసుకొచ్చిన మనిషి. రిటైరై మూడేళ్ళయినా బజార్లో ఆయన కనబడితే కొట్టువాళ్ళ చేతులు వాటంతటవే త్రాసు మీంచి లేచిపోతాయి. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, తూకాలాయన అంటే చాలు.

పాత తొట్టిలో కాపురం ఉంటున్నవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది మొగుడూ పెళ్ళాన్ని. నారింజరంగు ఒంటి మీద తెల్లచారల చేపలు. పెళ్ళాం పెద్దది, మొగుడు దాంట్లో సగం. ఇదేమిటని ఎవరైనా అడిగితే, "ఈ ఇంట్లో పద్ధతే అంత" అని ఆయనే నవ్వించేవాడు. ఆ తరవాత పెద్దమ్మ. పెద్దమ్మంటే పగడం. బొటనవేలంత ముక్కగా వచ్చింది, ఇప్పుడు అన్నం పళ్ళెమంత గొడుగై రాళ్ళ నడుమ నిలబడింది. గొడుగు మీద వందల కొద్దీ సన్నని వేళ్ళు, నీళ్ళు కదిలితే అన్నీ కలిసి ఊగుతాయి. గిట్టనిదేదైనా జరిగిందా, ఆ వేళ్ళన్నీ లోపలికి లాక్కుని, మొహం ముడుచుకుని, వారం రోజులు ఎవరితోనూ మాట్లాడదు. ఆ ముక్కని తెచ్చింది ఓడలో ఇంజను పని చేసిన ఆయన అన్నగారు. అందుకని వాళ్ళ అమ్మాయి ఎనిమిదేళ్ళప్పుడు దానికి ఆ అన్నగారి భార్య వరసనే పెట్టేసింది. అసలు పెద్దమ్మకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

కొత్త తొట్టిలో ముప్పాతిక వంతు కొత్త ఉప్పునీళ్ళు పోసి ఒక రోజు తిప్పాలి. మర్నాడు పాత తొట్టి నీళ్ళు తోడి అందులో కలపాలి. ఆ తరవాత రాళ్ళు, ఆఖరికి ప్రాణాలున్నవి. ఇదీ వరస. మధ్యాహ్నానికల్లా ఆయన సంచుల్లోంచి ఉప్పు తూచి తూచి పోసి, మోటారు వేసి కలిపించాడు. తరవాత పొడవాటి గ్లాసులో ఆ నీళ్ళు పట్టి, అన్నగారిచ్చిన గాజుగొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అందులో తేల్చాడు. గొట్టం లోపల అంకెలు రాసిన కాయితం చుట్ట ఉంటుంది. నీళ్ళలో ఉప్పెంతుంటే గొట్టం అంత పైకి తేలుతుంది, నీటిమట్టం దగ్గర ఏ అంకె ఉంటే అదే లెక్క, ముప్పై అయిదుంటే సముద్రంతో సమానం. ఆయన మోకాళ్ళ మీద వంగి, కన్ను నీటిమట్టానికి తెచ్చి, ఊపిరి బిగబట్టి చూశాడు.

"ముప్పై అయిదు. రాయి."

రాయడానికి పక్కన ఇప్పుడు గుమాస్తా లేడు. తనే లేచి పుస్తకంలో రాసుకున్నాడు.

"నా దగ్గర దుర్భిణీలాంటి సామాను ఉంది సార్," అన్నాడు మేస్త్రీ. "దాని మీద రెండు చుక్కలేసి వెలుగులో చూస్తే ఉప్పు ఎంతో కనబడుతుంది. దాంతో కూడా ఓమాటు చూద్దామా?"

"ముప్పై ఏళ్ళు తూకాలు చూసినవాడికి కొలతలు నేర్పుతావుటోయ్? ఇది మా అన్నయ్య గొట్టం."

సరిగ్గా అప్పుడు ఆమె టీ గ్లాసులు పట్టుకుని హాల్లోకి వచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, ఏమీ అనుకోకుండానే కొత్త తొట్టిలో వేలు ముంచి నాలుక చివర రాసుకుంది. ఆస్పత్రి వంటశాలలో పాతికేళ్ళు రోజుకి నాలుగొందల మందికి వండిన మనిషి. ఏ గిన్నె పక్కన నిలబడ్డా ఆ వేలు ఊరుకోదు.

"ఉప్పెక్కువైందండీ."

"ఏమిటీ?"

"చాలా ఎక్కువైంది. నాలుక చురుక్కుమంటోంది. పాత తొట్టి నీళ్ళు ఇలా ఉండవు."

మేస్త్రీ ఆయన వంక చూశాడు, గొట్టం వంక చూశాడు, మళ్ళీ ఆయన వంక చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదేమన్నా కూరనుకున్నావుటే, రుచి చూసి దించడానికి? నాలుకతో కొలవడాలు నీ వంటింట్లో. ఇక్కడ అంకెలు కావాలి. ఆ టీ ఏదో ఇచ్చేసి వెళ్ళి నీ పని చూసుకో."

మేస్త్రీ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, ఇంటాయన జోకేస్తే నవ్వకపోతే బావుండదని నవ్విన నవ్వు. ఆమెకి ఆ నవ్వే గుచ్చుకుంది. గ్లాసులు ఇద్దరికీ అందించి, ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వెనక వసారాలో ఫిల్టరు నీళ్ళ డ్రమ్ము, దాని మూత మీద స్టీలు చెంబు బోర్లించి ఉన్నాయి. ఆమె వాటి ముందు నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే కొంగుతో గట్టిగా ఒత్తుకుంది. ఈ వయసులో ఈ మాటకి ఏడవడం ఏమిటని తనని తనే తిట్టుకుంది.

తొమ్మిదేళ్ళ కిందట ఆ గొట్టం ఆయన చేతిలోంచి జారి సింకులో పడింది. పగల్లేదు. అన్నగారు పోయి అప్పటికి రెండు నెలలే అయింది. పగలనందుకే ఆయన గొట్టాన్ని గుండెకి హత్తుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు. లోపలి కాయితం చుట్ట గోరంత జారిందని అప్పుడు ఎవరు చూడొచ్చారు? ఆ నెల బకెట్టులో వేలు ముంచితే ఆమె నాలుక ఒప్పుకోలేదు. ఉప్పెక్కువైందని చెప్పింది. కసిరాడు. ఇంకోసారి చెప్పింది. ఇంకా గట్టిగా కసిరాడు. మూడోసారి చెప్పలేదు, చెంబు తీసుకుంది.

పదిహేను రోజులకోసారి తొట్టిలో ఒక బకెట్టు నీళ్ళు మార్చాలి. ఆదివారం పొద్దున్నే ఆయన బకెట్టులో ఉప్పు కలిపి, గొట్టం తేల్చి, ముప్పై అయిదని రాసుకుని, బకెట్టుని వసారాలో వదిలేసి గడ్డం గీసుకోవడానికి వెళ్తాడు. ఆ గడ్డానికి అరగంట. ఆ అరగంటలో ఆమె నాలుగు చెంబుల ఉప్పునీళ్ళు తీసి పారబోసి, నాలుగు చెంబుల మంచినీళ్ళు పోసి, వేలు ముంచి చూసుకుని, చెంబు కడిగి బోర్లించేస్తుంది. బకెట్టులో సరిపోతే తొట్టిలోనూ సరిపోయినట్టేనని ఆయన తొట్టి నీళ్ళు ఎప్పుడూ కొలవలేదు. తన అదృష్టం బాగుందని ఆమె అనుకునేది. తొమ్మిదేళ్ళలో మొగుడూ పెళ్ళాలకి ఒక్క పొలుసు రాలలేదు, పెద్దమ్మ పళ్ళెమంత అయింది. చూడొచ్చినవాళ్ళందరూ ఆయన చేతిని మెచ్చుకున్నారు. ఆయన ఆ మెప్పు కాదనలేదు.

ఇవాళ కూడా చెయ్యి చెంబు మీదకి వెళ్ళింది. ఆగిపోయింది.

బకెట్టుకి నాలుగు చెంబులు. ఆ తొట్టిలో పోసినవి ఇరవై రెండు బకెట్లు. దాదాపు తొంభై చెంబులు తీసి, తొంభై చెంబులు పొయ్యాలి. అదీ ఎవరి కంటా పడకుండా, దొంగలా! ఎందుకు పొయ్యాలి? నాలుక్కి పని లేదన్నాడుగా. అంకెలే చూసుకోనీ. ఆమె చేతులు కట్టుకుని వసారాలోని ఎత్తుపీట మీద కూర్చుంది.

"నువ్వు భోంచేసి రావోయ్ మేస్త్రీ, నేనీలోగా గడ్డం గీసుకొస్తాను," అని హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది.

అదేమిటి, పొద్దున్నే గీసుకున్నాడుగా? చెవి కింద సబ్బునురగ అంటుకుంటే తనే తుడిచింది. మతిమరుపు కూడా వచ్చేసిందన్నమాట, అనుకుంది. లేచి వంటింట్లోకి వెళ్ళి ఫిల్టరు కుళాయి తిప్పి, దాని కింద పెద్ద గిన్నె పెట్టింది. ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. చెంబు ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది గానీ, ఫిల్టరు తిప్పనని పెట్టుకోలేదు కదా.

అరగంట తరవాత ఆయన వసారాలోకి వచ్చాడు. చెంపలు కందిపోయి ఉన్నాయి, గడ్డం మీద చిన్న గాటు. డ్రమ్ము వంక చూశాడు. చెంబు బోర్లించినట్టే ఉంది, చుట్టూ నేల పొడిగా ఉంది.

"నీళ్ళేమైనా..." అన్నాడు.

"ఏ నీళ్ళు?"

"ఏం లేదులే," అని వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున్నే అమ్మాయి వచ్చింది. ఆఫీసుకి సెలవు పెట్టి, పాత బట్టలు కట్టుకుని, జుట్టు ముడేసుకుని మరీ వచ్చింది. ఈ హాల్లోనే, ఈ తొట్టి నీలం వెలుగులోనే పదేళ్ళు హోంవర్కు చేసిన పిల్ల. కరెంటు పోతే ముందు తొట్టికి గాలి అందిందా లేదా అని పరుగెత్తేది.

మేస్త్రీ సన్నటి పైపు నోట్లో పెట్టి పీల్చి వదిలాడు. పైనున్న తేటనీళ్ళు డ్రమ్ముల్లోకి దూకాయి. నీటిమట్టం దిగుతుంటే గాజు మీద పాత గీతలన్నీ బయటపడ్డాయి. అన్నిటికన్నా పైన ఎర్రటి గోళ్ళరంగు గీత, ఎండిపోయిన నీళ్ళకి బదులు రోజూ మంచినీళ్ళు ఎంతవరకు పొయ్యాలో గుర్తు. అమ్మాయికి పద్నాలుగేళ్ళప్పుడు, అమ్మ పొయ్యడంలో తికమక పడుతోందని గాజు బయటివైపు వేసి పెట్టింది.

"ఇంకా ఉందే ఇది!" అంది అమ్మాయి, గోటితో గీత మీద రాస్తూ.

"గోకకే, చెరిగిపోతుంది," అంది ఆమె. చెరిగిపోతే ఏమిటట? తొట్టే పోతోంటే! అయినా ఆ మాట నోటి నుంచి వచ్చేసింది.

రాళ్ళు ఒక్కొక్కటే తీసి, అంటిపెట్టుకుని ఉన్న చిన్న పగడాలతో సహా నీళ్ళ టబ్బుల్లో పెట్టారు. అన్నగారు పేర్చిన వరస ఎక్కడ తప్పుతుందోనని ఆయన ముందే కాయితం మీద బొమ్మ గీసుకుని, రాయికో అంకె వేసుకున్నాడు. పెద్దమ్మ నిలబడ్డ రాయిని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి, పసిబిడ్డని నీళ్ళలోంచి ఎత్తినట్టు ఎత్తి, తెల్ల టబ్బులో దింపాడు. పెద్దమ్మ అప్పటికే వేళ్ళన్నీ లాక్కుని ముడుచుకుంది. చేపల్ని ఆఖర్న పట్టారు. పెళ్ళాం చేప వలలోకి వస్తూ వస్తూ మేస్త్రీ వేలు కొరికింది.

"ఈ ఇంటి పద్ధతే అంత," అన్నాడు మేస్త్రీ వేలు విదుల్చుకుంటూ. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

"పాత ఇసక పనికిరాదు సార్. అడుగున పంతొమ్మిదేళ్ళ మురికుంది, కదిపితే విషమే," అని మేస్త్రీ దాన్ని పారతో తీసి బకెట్టులో వేస్తుంటే కుళ్ళు గుడ్డు కంపు గుప్పుమంది. అమ్మాయి ముక్కు మూసుకునే ఇసకలో వెతికింది. గాజు గోళీ ఒకటి, పెన్ను మూత ఒకటి దొరికాయి. తరవాత చిటికెన వేలు గోరంత గులాబీరంగు ప్లాస్టిక్ చెప్పు దొరికింది.

"అమ్మా! బొమ్మ చెప్పు! దీనికోసం మూడు రోజులు అన్నం మానేశాను, గుర్తుందా? పక్కింటి పిల్ల ఎత్తుకుపోయిందని దెబ్బలాట కూడా పెట్టుకున్నాను."

"గుర్తు లేకేం. మీ పెదనాన్న కొత్త బొమ్మ తెస్తానంటే, వద్దు నాకా చెప్పే కావాలన్నావు."

ఆయన ఆ చెప్పు తీసుకుని కడిగి, చొక్కా జేబులో వేసుకున్నాడు. ఖాళీ అయిన పాత తొట్టిలోకి కిటికీ వెలుగు నేరుగా పడుతోంది. దాని అవతల ఉన్న గోడ రంగు ఏమిటో ఆమెకి ఇన్నేళ్ళకి కనబడింది.

"రెండు గంటలకి మించి టబ్బుల్లో ఉంచకూడదు, నీళ్ళు చల్లబడిపోతాయి," అన్నాడు మేస్త్రీ.

ఆమె ఎవరూ చూడకుండా కొత్త తొట్టిలో వేలు ముంచి నాలుక్కి రాసుకుంది. నిన్నటి మంటే. పాత నీళ్ళు కలిపినా అవి నాలుగో వంతు. ఏ మాత్రం విరుగుతుంది? తెల్ల టబ్బు దగ్గర కూర్చుంది. పెద్దమ్మ అడుగున పిడికిలంతై పడి ఉంది. దానికేం తెలుసు, ఏ నీళ్ళలోకి వెళ్ళబోతోందో. ఈ మధ్యలో అదేం పాపం చేసింది? అత్త మీది కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే కదా. చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. మళ్ళీ మేస్త్రీ నవ్వు గుర్తొచ్చింది.

"పాత నీళ్ళు పోసెయ్యమంటారా సార్?"

ఆయన పాత నీళ్ళ డ్రమ్ముల వంక చూశాడు. వసారా తలుపు వంక చూశాడు. ఆమె వంక చూడలేదు.

"ఒక్క అరగంట ఆగు. నేను గడ్డం గీసుకొస్తాను."

మేస్త్రీ పైపు పట్టుకుని నోరు తెరిచాడు. "ఇప్పుడు గడ్డమేంటి సార్!"

"నాన్నా, నున్నగానే ఉందిగా," అంది అమ్మాయి. "నిన్నటి గాటు కూడా మానలేదు."

ఆయన వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆమె టబ్బు అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది. నిన్న రెండోసారి గడ్డం. వసారాలోకి రావడం, చెంబు వంక చూడటం, 'నీళ్ళేమైనా' అని ఆగిపోవడం. తొమ్మిదేళ్ళ ఆదివారాలు. గడ్డానికి అరగంట! ఆఫీసు రోజుల్లో అయిదు నిమిషాల్లో గీసుకుని బయటపడే మనిషికి, బకెట్టు కలిపిన రోజు మాత్రం అరగంట! ఇంత మొద్దునా నేను, అనుకుంటూ లేచింది.

బాత్రూము తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసింది. ఆయన అద్దం ముందు నిలబడి ఉన్నాడు. కుళాయి తిప్పలేదు. బ్రష్షు పొడిగా ఉంది. చేతిలో గడియారం పట్టుకుని ముల్లు చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళయింది మీకు తెలిసి?"

ఆయన తిరగలేదు. అద్దంలోనే ఆమెని చూశాడు.

"ఆరేళ్ళు."

"ఎలా తెలిసింది?"

"ఓ ఆదివారం సబ్బు మర్చిపోయి వెనక్కొచ్చాను. నువ్వు చెంబుతో పోస్తున్నావు. కేకేద్దామనుకున్నా. అప్పుడు తట్టింది, గొట్టం సింకులో పడిన కొత్తల్లో రెండుసార్లు ముడుచుకున్న పెద్దమ్మ ఆ తరవాత ఎందుకు విప్పుకుందో. ఇంక ఏమంటాను?"

"అంటే ఆరేళ్ళు నేను దొంగలా పోస్తుంటే, మీరు ఇక్కడ గడియారం పట్టుకుని నిలబడ్డారా?"

"నువ్వు పోస్తున్నావుగా అని ఊరుకున్నాను."

"మరి నిన్న మేస్త్రీ ముందు నన్ను అంత మాట ఎలా అన్నారండీ? నేను చెప్పింది నిజమని తెలిసి కూడా!"

ఆయన గడియారం జేబులో పెట్టుకోబోయాడు. అక్కడ బొమ్మ చెప్పు చేతికి తగిలింది.

"ఏం చెయ్యమంటావు. ఊళ్ళో ప్రతి కొట్టువాడి త్రాసూ తప్పని తీసుకొచ్చాను. ఒకడైతే కాళ్ళు పట్టుకున్నాడు, మా నాన్న ఇచ్చిన తక్కెడ బాబూ అని. కొలత తప్పైతే ఎవరిచ్చిందైనా తప్పేనని సంచిలో వేసుకున్నాను. ఇప్పుడు నా గొట్టం తప్పని, అదీ అన్నయ్య ఇచ్చింది తప్పని, ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టుంది, అందామనుకుంది. ఆ మొహం చూశాక అనలేకపోయింది.

"నిన్న నేను పోస్తాననే అనుకున్నారా?"

"పోస్తావనుకున్నా."

"తొంభై చెంబులండీ అవి! మీ గడ్డం తొంభై చెంబులసేపు గీస్తారా? తోలు మిగులుతుందా?"

ఆయన పెదాలు కదిలాయి, బకెట్లు లెక్క వేసుకుంటున్నాడు. "తొంభైయా," అన్నాడు చివరికి. "ఆ లెక్క నాకు తట్టనే లేదు."

"నేను పొయ్యను. నిన్నా పొయ్యలేదు, ఇవాళా పొయ్యను. నన్ను ఎక్కడ అన్నారో అక్కడే నిలబడి మీరే చెప్పండి. పెద్దమ్మ చల్లబడిపోతోంది, తొందరగా రండి."

హాల్లో మేస్త్రీ నేల మీద కూర్చుని టబ్బుల్లో వేడి చూస్తున్నాడు. ఆయన వచ్చి కొత్త తొట్టి ముందు నిలబడ్డాడు. దగ్గాడు. చొక్కా చేతులు కిందికి లాక్కుని గుండీ పెట్టుకున్నాడు, ఆఫీసరు ముందు నిలబడ్డట్టు.

"మేస్త్రీ, నా గొట్టం తప్పు. నిన్న మా ఆవిడ చెప్పిందే రైటు. తప్పని నాకు తెలుసు కూడా. తెలిసే అన్నాను ఆ మాట. ఏదీ, నీ దుర్భిణీ తియ్యి."

అమ్మాయి తండ్రి వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఆయన నోట అలాంటి మాట వినడం ఆ పిల్లకి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. మేస్త్రీ సంచిలోంచి తన సామాను తీసి, దాని గాజు మీద రెండు చుక్కలు వేసి, కిటికీ వైపు తిరిగి చూశాడు.

"నలభై ఒకటి సార్."

ఆయన అది తీసుకుని తనూ చూశాడు. తుడిచి, మళ్ళీ చుక్కలు వేసి చూశాడు. మూడుసార్లు చూడనిదే ఏ త్రాసు సంగతీ తేల్చేవాడు కాదు మరి. మూడోసారి తల ఊపాడు.

"ఇప్పుడు మంచినీళ్ళు ఎక్కడ తేవాలి?" అన్నాడు మేస్త్రీ. "వసారా డ్రమ్ములో ఉన్నవి ఏమూలకి? డెబ్భై లీటర్లైనా కావాలి. ఫిల్టరు చుక్క చుక్కే ఇస్తుంది, రేపటిదాకా పడుతుంది. ఈ లోపల ఇవి..."

"వంటింట్లోకి వెళ్ళి చూడు," అంది ఆమె.

పొయ్యి మీదా, గట్టు మీదా, కిందా ఎక్కడ చూసినా గిన్నెలే. పెద్ద కడవ, ఉతికే బకెట్టు, మూత లేని కుక్కరు, ఆఖరికి పూలమొక్కకని కొన్న కొత్త తొట్టె. అన్నిట్లోనూ అంచుల దాకా ఫిల్టరు నీళ్ళు, పైన పళ్ళేలు మూత పెట్టి ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం తిప్పిన కుళాయి ఆమె ఇంతవరకు కట్టలేదు. ఆయన గుమ్మంలో నిలబడి ఆ గిన్నెలన్నీ చూశాడు. వంగి కడవ ఎత్తుకున్నాడు. నడుం నొప్పి సంగతి కూడా గుర్తున్నట్టు లేదు.

ఉప్పునీళ్ళు పైపుతో బయటికి పోతుంటే, మంచినీళ్ళు గిన్నె తరవాత గిన్నె లోపలికి వెళ్ళాయి. అమ్మాయి అందిస్తే ఆయన పోశాడు. మేస్త్రీ మోటారు తిప్పుతూ ఉన్నాడు. ఆమె తొట్టి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండు గిన్నెలకోసారి చెంచాతో తీసి నాలుక చివర వేసుకుంటోంది, ఊసేసి నోరు కడుక్కుంటోంది.

"ఇంకా ఉంది. పొయ్యండి."

"ఇప్పుడో?"

"ఇంకో రెండు."

ఆఖరికి కుక్కరు నీళ్ళు పోశాక చాలని చెయ్యి ఎత్తింది. మేస్త్రీ చుక్కలు వేసి చూశాడు. "ముప్పై అయిదున్నర అమ్మగారూ."

"ఆ అరా ఎవరిదట? నా నాలుకదా, నీ దుర్భిణీదా?"

"నా దుర్భిణీదేనమ్మా," అన్నాడు మేస్త్రీ రెండు చేతులూ జోడించి. ఈసారి నవ్వింది ఆమె.

పాత నీళ్ళు పోశారు. బొమ్మలో అంకెల ప్రకారం అన్నగారి రాళ్ళు పేర్చారు. చేపల్ని సన్నపైపుతో చుక్క చుక్కగా కొత్త నీళ్ళకి అలవాటు చేసి వదిలితే, పెళ్ళాం చేప తొట్టి ఆ చివర నుంచి ఈ చివరకి ఈది అంతా చూసుకొచ్చింది, మొగుడు దాని వెనకే తిరిగాడు. పెద్దమ్మని మళ్ళీ ఆయనే దింపాడు. అది విప్పుకోలేదు.

ఆదివారం విప్పుకోలేదు. సోమవారం ఒంటి మీద తెల్లటి పొర కమ్మింది. ఆయన అన్నం ముందు కూర్చుని సగంలో లేచిపోయాడు. కొత్త తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "నా చేతులారా చంపుకున్నానే," అన్నాడు ఒకసారి. ఆమె పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది. "పెద్దమ్మ అలక కొత్తేమిటండీ. మీ వదినగారైతే నెల రోజులు మాట్లాడేవారు కాదు," అంది. ఆయన నవ్వబోయాడు, కళ్ళు తడిశాయి. మంగళవారం కూడా ఇద్దరూ చాలాసేపు అలాగే కూర్చున్నారు. ఆ తొట్టి ముందు అలా పక్కపక్కన కూర్చుని ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తు రాలేదు.

బుధవారం పొద్దున్న ఆ తెల్లపొర పాతచొక్కాలా ఊడి నీళ్ళలో తేలిపోయింది. మధ్యాహ్నానికి గొడుగు అంచున ఒక వేలు బయటికి వచ్చింది. తరవాత పది వచ్చాయి. ఆమె వంటింట్లో ఉండగా హాల్లోంచి ఆయన కేక విని చేతిలో గరిట పట్టుకునే పరుగెత్తింది.

ఆ పై ఆదివారం ఆయన ఎప్పట్లాగే బకెట్టులో ఉప్పు కలిపాడు. గొట్టం తియ్యలేదు. చెంచాతో నీళ్ళు తీసుకుని, ఒలక్కుండా అరచెయ్యి కింద పెట్టుకుని, వంటింట్లోకి నడిచి వచ్చాడు.

"చూడు."

ఆమె చూసింది. "రెండు చెంబులు పొయ్యాలి."

పోశాడు. ఇంకో చెంచా తెచ్చాడు. "సరిపోయింది," అంది ఆమె.

అప్పుడు గ్లాసులో ఆ నీళ్ళు పట్టి, అన్నగారి గొట్టం అందులో తేల్చాడు. అది ముప్పై అయిదు దగ్గర నిలవలేదు, ఎక్కడో ఇరవై తొమ్మిది దగ్గర నిలిచింది. ఆయన జేబులోంచి ఎర్రటి గోళ్ళరంగు సీసా తీశాడు. కొట్టువాడు ఎలా చూసి ఉంటాడో, తూకాలాయన గోళ్ళరంగు కొనడానికి వస్తే! ఆమెకి నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. మోకాళ్ళ మీద వంగి, కన్ను నీటిమట్టానికి తెచ్చి, ఊపిరి బిగబట్టి, సరిగ్గా నీళ్ళు తాకినచోట గోటితో పట్టుకుని గొట్టాన్ని పైకి తీశాడు. దాన్ని తుడిచి, చిన్న బ్రష్షుతో గాజు చుట్టూ సన్నటి ఎర్రగీత గీశాడు. ముప్పై ఏళ్ళు తూకపురాళ్ళ మీద ముద్ర కొట్టిన చెయ్యి, గీత ఎక్కడా వంకర పోలేదు.

"ఇదింక ముద్ర పడ్డ కొలత," అన్నాడు, దాని మీద ఊదుతూ. "నీ నాలుక మీద సరిచూసింది."

ఆమె పైటకొంగుతో చెయ్యి తుడుచుకుని, ఆ గొట్టాన్ని తీసుకుని వెలుగులో చూసింది. పాత తొట్టి మీది గీత రంగే అది.

"గడ్డం గీసుకోరా?" అంది చివరికి.

"పొద్దున్నే గీసుకున్నాను," అన్నాడు ఆయన, బకెట్టు పక్కనే పీట లాక్కుని కూర్చుంటూ.